మగ్గం తాతగారి పాదాలు

పోయిన మంగళవారం పొద్దున్న పదీ ఇరవైకి ఫోను మోగింది. మగ్గం తాతగారి మనవరాలు. విజయవాడలోనే ఏదో ఆఫీసులో పనిచేస్తుంది. ఏడాదికోసారి, తాతగారి ఆరాధన దగ్గర పడుతుంటే ఆ పిల్లకి నేను గుర్తొస్తాను. "మామ్మగారండీ, ఈసారి తాతయ్య మీద చిన్న పుస్తకం వేస్తున్నామండీ. ఆయన మీ ఇంటికొచ్చిన తేదీ మీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదని అమ్మ చెప్పింది" అంది. తర్వాత గొంతు కాస్త తగ్గించి, "మహిమలేమైనా ఉంటే అవి కూడా చెప్పండి. పేజీలు నిండాలి కదా" అంది. సాయంత్రానికల్లా చెబుతానన్నాను. పెళ్లయిన ఏటి నుంచి ఒక్క ఏడూ తప్పకుండా డైరీ రాస్తున్నాను. యాభై మూడు డైరీలు బీరువాలో వరసగా ఉన్నాయి. ఏ రోజు పాలవాడు ఎన్నింటికి వచ్చాడో కూడా వాటిలో దొరుకుతుంది. ఒక తేదీ వెతకడానికి ఎంతసేపు పడుతుంది?

తాతగారిది చల్లపల్లి దగ్గర ఒక నేతవాళ్ల వీధి. ఆశ్రమం లేదు, కాషాయం లేదు. ఉన్నదల్లా ఒక గుంట మగ్గం. నేలలో గొయ్యి తవ్వి, అందులోకి కాళ్లు జారవిడిచి కూర్చుని నేసేది. తెల్లవారింది మొదలు పొద్దు వాలే దాకా ఆయన కాళ్లు ఆ గోతిలోనే ఉండేవి. దీనివల్ల భక్తులకి ఒక చిక్కు వచ్చింది. దణ్ణం పెట్టుకుందామని ఎంత వంగినా పాదాలు అందేవి కావు. "కాళ్లు పనిలో ఉన్నాయమ్మా, ఆయనకి పెట్టుకో" అని గోడ మీది రాముడి పటం వైపు గడ్డంతో చూపించేవారు. ఆయన జీవిత చరిత్ర కూడా పెద్దదేమీ కాదు. ఇరవయ్యో ఏట సన్యాసం పుచ్చుకుందామని ఇల్లు వదిలి కృష్ణ ఒడ్డు పట్టుకుని నడిచారట. దారిలో సగం నేసి వదిలేసిన చీర గుర్తొచ్చి వెనక్కి తిరిగారట. నాలుగో రోజున వచ్చారని కొందరూ తొమ్మిదో రోజున వచ్చారని కొందరూ అంటారు. నేను అడిగి చూశాను కానీ ఆయన తేల్చలేదు. "చీర అయ్యాక వెళ్దామనుకున్నాను. ఇంకా అవలేదు" అన్నారు. బోధ కూడా అంతే క్లుప్తం. పోగు మోసే నాడె కుడివైపుకి వెళ్తే "రా", ఎడమవైపుకి వస్తే "మ". పని ఆపి తలుచుకోవక్కర్లేదు, తలుచుకుంటూ పని పాడు చెయ్యకూడదు. ఏకాదశి నాడు మాత్రం మగ్గం ఆపి, కాళ్లు గోతిలోంచి తియ్యకుండానే వచ్చినవాళ్లతో ఒక అరగంట మాట్లాడేవారు.

మా అత్తగారికి ఆయన గురువు. మా వారికి నాలుగో ఏట టైఫాయిడ్ వచ్చి, మనిషి దక్కడనుకున్నప్పుడు ఆవిడ రామకోటి మొక్కుకున్నారు. రోజుకి వెయ్యి నామాలు. కోటి పూర్తవాలంటే పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్ల నాలుగు నెలల పైచిలుకు. పురిటిరోజుల్లోనూ పెళ్లిళ్లలోనూ వెనకబడ్డ రోజులని మర్నాడు కలుపుకుంటూ ఆవిడ నిజంగానే అన్నేళ్లూ రాశారు. పేజీకి నాలుగు వరసలు, వరసకి ఇరవై అయిదు గీతలు, వెరసి వంద. రెండు వందల పేజీల పుస్తకాలు అయిదు వందలు నిండాయి. శ్రీరామనవమికి సమర్పణ అనుకున్నారు, చుట్టాలకి ఉత్తరాలు వెళ్లాయి. అప్పటికి నేను ఆ ఇంటి కోడలినై ఆరేళ్లు. పటమటలో ఒక బడిలో లెక్కలు చెప్పేదాన్ని. చక్కగా రాస్తానని పుస్తకాల అట్టల మీద నంబర్లు వేసే పని నాకు అప్పగించారు.

ఆ పని నాకు అప్పగించకుండా ఉంటే బాగుండేదని చాలామంది అన్నారు. రెండు వందల యాభై ఒకటో పుస్తకం దగ్గర నా చెయ్యి ఆగింది. పేజీ ఏదో పొట్టిగా అనిపించింది. గీతలు లెక్కపెడితే ఇరవై నాలుగే ఉన్నాయి. కొట్లో పుస్తకాల రకం మారింది, అత్తగారు పాత అలవాటు కొద్దీ పేజీకి వంద అనే అనుకుంటూ వచ్చారు. అక్కణ్ణించి ప్రతి పేజీలోనూ నాలుగు నామాలు తక్కువ. యాభై వేల పేజీలు. మూడుసార్లు హెచ్చవేసి, వంటింట్లోకి వెళ్లి చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె గట్టు మీద పెట్టేశారు. "లెక్కల పంతులమ్మని కోడలిగా తెచ్చుకున్నాను చూడు, నన్ననాలి" అన్నారు. తర్వాత గోడకి చేరబడి, "వాడి ప్రాణానికి మొక్కిన మొక్కే" అన్నారు. మా వారు మాత్రం, "నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి కదమ్మా, పాసయ్యానుగా" అని నవ్వించబోయారు. ఆవిడ నవ్వలేదు. అప్పటికే రెండు కళ్లకీ శుక్లాలు, ఆపరేషన్ చెయ్యాలన్నారు. నవమి అయ్యాకనే అని ఆవిడ మొండికేసి కూర్చున్నారు. ఆపరేషన్‌లో చూపు పోతే ఇక రాయలేనని భయం.

మర్నాడు ఇద్దరం కంకిపాడు మీదుగా చల్లపల్లి బస్సెక్కాం. దారిపొడుగునా ఆవిడ నాతో మాట్లాడలేదు. దేవుడికి లెక్కలేమిటమ్మా అని తాతగారు అంటే ఏం జవాబు చెప్పాలో నేను ఉయ్యూరు వచ్చేలోపే సిద్ధం చేసుకున్నాను. ఆయన అలా అనలేదు.

"ఎంత తగ్గింది?" అన్నారు, సంగతంతా విని, నాడె ఆపకుండానే.

"రెండు లక్షలండీ" అన్నాను.

"ఆరు గజాలని చెప్పి అయిదున్నర గజాల చీర ఇస్తే ఊరుకుంటావా అమ్మా?" అని అత్తగారిని అడిగారు.

"ఎందుకు ఊరుకుంటానండీ!"

"మరింకేం, రాయి. నవమి వచ్చే ఏడాది కూడా వస్తుంది. ముందు కళ్లు బాగుచేయించుకో."

"కళ్లు పోతేనో, బాబయ్యగారూ?"

అప్పుడు ఆపారు నాడెని. మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు పోగుల్ని చూపించి, "ఇది అయిపోయినప్పుడు చివర్లు పీకి పారెయ్యం. కొంచెం ఉంచి, కొత్త పడుగు పోగుల్ని వాటికి ఒక్కొక్కటే అతుకుతాం. దీని మీద మొదటి పడుగు వేసింది మా నాయన" అన్నారు. నావైపు తిరిగి, "తప్పు పట్టుకున్నావు, మంచిదే. అతుకూ నువ్వే వెయ్యి" అన్నారు.

నాకు నియమం స్పష్టంగా ఉండాలి. "నేను రాస్తే అత్తయ్యగారి మొక్కులో కలుస్తుందాండీ?" అన్నాను.

"బతకాల్సింది నీ మొగుడు కాదుటే?" అన్నారాయన.

తిరుగు బస్సులో అత్తగారు సంచిలోంచి జామకాయ తీసి, సగం విరిచి నాకిచ్చారు.

ఆపరేషన్ అయింది. కట్టు ఉన్నన్నాళ్లూ ఆవిడ మంచం మీద పడుకుని నామం చెప్పడం, నేను పక్కన కూర్చుని రాయడం. పుస్తకాలు ఆ రకమే, ఇరవై నాలుగు గీతలవే. ఈసారి పేజీకి తొంభై ఆరనే లెక్క కట్టాను. కట్టు విప్పాక సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని ఆవిడ కూడా కలం పట్టారు. పొద్దున్న ఆవిడ, బడి నుంచి వచ్చాక నేను. మధ్యలో, "నీ 'రా'కి దీర్ఘం మరీ పొడుగు, చోటంతా తినేస్తోంది" అని ఒక వంక. రెండు వందల రోజుల్లో రెండు వేల ఎనభై మూడు పేజీలు నిండి, ఆపై పేజీలో ముప్పై రెండు నామాలతో కోటి పూర్తయింది. అక్కడ మళ్లీ పేచీ. పేజీ సగంలో వదిలితే బాగుండదు, నింపుదామని ఆవిడ. కోటి అంటే కోటే, ఒక్కటి కూడా ఎక్కువ వద్దని నేను.

నవమిదాకా ఆగలేదు ఆవిడ. కబురు పంపితే, మగ్గానికి సెలవైన ఏకాదశి నాడు తాతగారే బస్సెక్కి భవానీపురంలో మా ఇంటికి వచ్చారు. మేం ఎరిగి ఆయన ఊరు దాటి రావడం అదొక్కసారే. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని, "బాబయ్యగారూ, ఇవాళ కాళ్లు ఖాళీయేనా?" అన్నారు. ఆయన పెద్దగా నవ్వి, కుర్చీలో కూర్చుని రెండు కాళ్లూ ముందుకి చాపారు. మడమలు పగిలి, ఎండ ఎరగని పాదాలు తెల్లగా ఉన్నాయి. ఆవిడ వాటిని ముట్టుకుని, కొత్త చూపుతో చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత నేనూ వంగాను. మా నాన్నగారికి తప్ప ఎవరికీ వంగి ఎరగను. తాతగారు ఆఖరి పుస్తకం తెరిచి, అత్తగారి రాత ఆగి నా రాత మొదలైన చోట, బట్ట నాణ్యం చూసినట్టు వేలితో తడిమారు. "అతుకు కనపడుతోంది" అన్నారు. నేను ముఖం చిన్నబుచ్చుకున్నాను. "కనపడనీ" అన్నారు. ఖాళీగా ఉన్న అరవై నాలుగు గళ్ల సంగతి అడిగితే, "కొంచెం పడుగు వదలాలిగా" అన్నారు. పేచీ తీరిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం ఆ ఏటి డైరీ తీశాను. ఆపరేషన్ రోజు ఉంది, కట్టు విప్పిన గంట ఉంది, రోజువారీ నామాల లెక్క ఉంది. ఆయన వచ్చిన రోజు లేదు. ఒక పేజీ కాదు, వరసగా మూడు పేజీలు తెల్లగా ఉన్నాయి. మూడు రోజులు నేను కలం ముట్టుకోలేదన్నమాట. ఆ నెల ఏకాదశులు రెండే, పాత పంచాంగం తిరగేస్తే తేదీ తేలుతుంది. పంచాంగం కూడా బీరువాలోనే ఉంది. తియ్యలేదు.

సాయంత్రం ఫోను చేసి, తేదీ లేదమ్మా అన్నాను.

"మీ దగ్గర తేదీ లేకపోవడమేంటి మామ్మగారూ!" అని నిర్ఘాంతపోయింది మనవరాలు.

"మహిమ అడిగావుగా, అదే రాసుకో" అన్నాను.

పక్క గదిలోంచి మా వారు, డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, "నాకు నూటికి నూరు వచ్చాయని కూడా రాయమను" అని కేకేశారు. ఇన్నేళ్లూ రోజుల్ని ఒక్కటీ జారనివ్వకుండా కట్టి బీరువాలో పెట్టాను. చేతికి చిక్కకుండా పోయిన ఆ మూడు రోజులే, తీరా చూస్తే, నాతో ఇంతదూరం నడిచి వచ్చాయి.