సరోజ తొలిసారి ఎత్తుకున్న మేళం

2022 శ్రావణమాసం, కుప్పంలో ఒక కల్యాణమండపం. ముహూర్తానికి అరగంట ఉందనగా నా ముందుపన్ను ఊడి చేతిలో పడింది.

నాదస్వరం వాయించేవాడికి పన్నంటే మాటలు కాదు. నాదస్వరం కొనన ఉండే పీకను పెదవులతో పట్టి ఊదేటప్పుడు వెనక దన్నుగా నిలిచేవి పళ్లే. ఆ పన్ను ఆర్నెల్లుగా కదులుతోంది. బయటపడితే మదనపల్లె, పుంగనూరు పక్కల ఒక్క పెళ్లికీ పిలవరని దాచాను. చెప్పుకుంటే సిగ్గుచేటు, దాచుకుంటే ఇదిగో ఇలా.

పక్కన నా శిష్యురాలు సరోజ. బి.కొత్తకోటలో వాళ్లమ్మ టమోటా తోటల్లో కూలికి పోతూనే, పదకొండేళ్లు నా దగ్గర నేర్పించింది. నేను కీర్తన ఎత్తుకుంటే సరోజ అందుకునేది. నేను ఊపిరి తీసుకునే చోట నాదం తెగకుండా నిలబెట్టేది.

నోట్లో గుడ్డ కుక్కుకుని, ఈ పూట నువ్వే వాయించాలన్నాను. పెళ్లికూతురి తండ్రి రెడ్డెప్ప నా వాలకం చూసి బిత్తరపోయాడు. తాళి కట్టే క్షణాన తుమ్ములు, చెడ్డమాటలు వినబడకుండా డోలూ నాదస్వరమూ కలిసి హోరెత్తించాలి. అదే గట్టిమేళం. తప్పితే అరిష్టమని మా వైపు నమ్మకం.

"ఆ పాపకు అవుతాదా అయ్యోరూ? తప్పిందంటే నా బిడ్డ బతుకంతా దీన్నే ఎత్తి చూపిస్తారు," అన్నాడు.

అవుతుందన్నాను. పెళ్లికొడుకు వస్తుంటే కీర్తన మొదలుపెట్టమని సరోజకు సైగ చేశాను. పీక పెదవుల మధ్యే ఉంది, వేళ్లూ సిద్ధంగా ఉన్నాయి, ఊపిరి మాత్రం రాలేదు. నా మొహమే చూస్తోంది. డోలు మునెప్ప ఒంటరిగా వాయించుకుంటూ పోయాడు. ముందువరస ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు.

"యాల ఊదవు?" అన్నాను.

"మీరు ఎత్తుకోకుండా నేను యాపొద్దూ ఊదలేదు గదా అయ్యోరూ."

ఆ మాటకు చెంప చెళ్లుమన్నట్టయింది. గురువు ముందు శిష్యులు ఎత్తుకోకూడదని మర్యాద మాటలు చెప్పేవాణ్ణి. అసలు సంగతి భయం. ఆమె దమ్ము నాకంటే పెద్దది. ఒక్కసారి ఆమె మొదలుపెడితే జనం నా వంక చూడరని నాకు ఏనాడో తెలుసు.

పురోహితుడు తాళి పళ్లెం సభలో తిప్పించి వెనక్కి తెప్పించాడు. సరోజ చూపు కదల్లేదు. నేనక్కడ ఉన్నంతసేపూ నన్నే చూస్తుంది. లేచాను. యాడికి పోతాండావని మునెప్ప కసిరాడు. వేదిక దిగి, వంటశాల గుమ్మం దగ్గర వాళ్లకు వీపు తిప్పి నిలబడ్డాను.

గట్టిమేళం అన్న కేక వినబడింది. డోలు మీద ఒక దెబ్బ పడింది. ఇంకొకటి. నాదస్వరం లేదు. ఆ బిడ్డనూ ఈ బిడ్డనూ ఇద్దరినీ ముంచానురా దేవుడా అనుకున్నాను.

అప్పుడు లేచింది పైస్థాయి షడ్జం, ఎక్కడా వణుకు లేకుండా. నేనెన్నడూ అంత పైన ఎత్తుకోలేదు. వంటవాళ్లు పని ఆపి చూశారు. సిగ్గూ సంతోషమూ రెండూ కలిసి ఏడ్చాను.

భోజనాల దగ్గర రెడ్డెప్ప నన్ను దాటుకుని సరోజ దగ్గరికి వెళ్లాడు. మాఘంలో తమ్ముడి కూతురి పెళ్లి ఉందట, ఫోన్ నెంబరు అడిగాడు. ఆమె మళ్లీ నావైపే చూసింది.

"నీ నెంబరే చెప్పమ్మా," అన్నాను.

ఇప్పుడు నా దగ్గర చేరినవాళ్లు మొదటి నెలలోనే ఎత్తుకుంటారు, నేను వీధిలోకి పోయి నిలబడతాను. సరోజకు ఆ మూడు మాటలు చెప్పడానికి మాత్రం నాకు పదకొండేళ్లు పట్టింది.