సీసాలో వేసిన హైడ్రోస్

వంటింటి ఉప్పు నీళ్లు లేకుండా కరగాలంటే కొలిమి వేడి కావాలి. గది వేడికే నూనెలా పారే ఉప్పులు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని అయానిక్ ద్రవాలంటారు. ఆవిరై పోవు, సరిగ్గా ఎంచుకుంటే ఎంజైములను చెడగొట్టవు. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, మదనపల్లెలో నేను కెమిస్ట్రీ విభాగం చూసుకుంటున్న ప్రైవేటు కాలేజీలో, ఒక లెక్చరరమ్మ వాటితో పని మొదలుపెట్టింది. ఆమెది కుప్పం. ఉద్యోగం ఏడాదికేడాది పొడిగించేది.

ఆమె పని బొప్పాయి పాల మీద. పుంగనూరు దగ్గరి తోటల్లో పచ్చికాయలకు గాట్లు పెడితే కారే పాలలో పపైన్ అనే ఎంజైము ఉంటుంది. ఆ పాలను నీళ్లలో కలిపి, తాను తయారుచేసిన అయానిక్ ద్రవాన్నీ ఇంకో మామూలు ఉప్పునూ తగుపాళ్లలో చేరిస్తే, కాసేపటికి రెండు పొరలుగా విడిపోయేది. ఎంజైము పైపొరలోకి చేరేది, మురికిలో చాలా భాగం కింద ఉండిపోయేది. పైపొర తేనె రంగులో ఉండేది. దాన్ని ఒక చుక్క గోరువెచ్చని పాలలో వేస్తే పాలు గడ్డకట్టేవి. ఎంజైము బతికి ఉందనడానికి అదే పరీక్ష. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగినా ఆ పైపొర అంత తొందరగా చెడేది కాదు. మా ఊళ్లకు అంతకన్నా ఏం కావాలి?

పరిశోధనకు డబ్బిచ్చే కమిటీ వస్తామని కబురు పెట్టింది. వాళ్లు ఒప్పుకుంటే ఆమె పని సాగుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ముందురోజు సాయంత్రం మా కరస్పాండెంటు ల్యాబుకు వచ్చాడు. ఆయనకు బెల్లం మండీ ఉంది. బెల్లాన్ని రంగు చూసి ధర కట్టే మనిషి. ఆ పైపొర పోసి ఉంచిన సీసా ఎత్తి వెలుతురుకు పట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది, మడ్డి మాదిరుండాది? వచ్చేవాళ్లకి దీన్నేనా సూపించేది?"

"రంగుకూ శుద్ధికీ సంబంధం లేదు సార్. ఈ ద్రవం రంగే అంత."

"నాకు సెప్తాండావా? నల్లబెల్లం ఎవుడన్నా కొంటాడా?"

ఆమె నవ్వి సీసాను తిరిగి అరలో పెట్టింది. నేనూ అంతటితో అయిపోయిందనుకున్నాను.

మరునాడు పొద్దున సీసా తెల్లగా ఉంది. మూత తీస్తే కాలిన అగ్గిపుల్లల కంపు. ఆమె మూత బిగించింది. ఎవరు ముట్టుకున్నారని అడిగేలోపు కరస్పాండెంటే వచ్చాడు. దాచుకోవాలన్న ఆలోచన కూడా ఆయనకు లేదు.

"నేనే ఏయించినా. పిడికెడు హైడ్రోస్, మా బెల్లం తెల్లబడేదానికి ఏసేదే. సూడు, ఎట్ల తేటగా అయిందో."

"సార్, ఇన్ని నెలల పని ఈ ఒక్క సీసా. దీంట్లో ఇప్పుడు నా ఎంజైము బతికుండాదో సచ్చిందో ఎవురు సెప్తారు?"

"పాలు ఇరిగితే సాలుగదమ్మా. లోపల ఏముండాదని ఎవుడు తవ్వి సూస్తాడు?"

కమిటీ వచ్చింది. అందులో పెద్దాయన సీసా చూసి రంగు బాగుందన్నాడు. పాలు గోరువెచ్చగా బల్ల మీద ఉన్నాయి. ఆమె డ్రాపర్ ముట్టుకోలేదు.

"ఇది నేను చూపించాల్సిన శాంపిల్ కాదు సార్. నాకు తెలియకుండా ఇందులో హైడ్రోస్ కలిపారు. ఇప్పుడు పాలు గడ్డకట్టినా ఎంజైము వల్లో, దానివల్లో నేను చెప్పలేను."

కలిపింది ఆమె కాదని నేను గట్టిగానే చెప్పాను. కరస్పాండెంటు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. పెద్దాయన మాత్రం, శాంపిల్ కాపాడుకోలేని ల్యాబుకు డబ్బెలా ఇస్తామని ఆమెనే నిలదీశాడు. నిజం చెప్పిన మనిషినే దోషిని చేసి, మా క్యాంటీన్ వడలు తిని వెళ్లిపోయారు. ఆ రాత్రి డైరీలో నేను రాసిన మాటలు ఇక్కడ అచ్చువేయదగ్గవి కావు.

కాలేజీ పరువు తీసిందని మరుసటి ఏడు ఆమెను పొడిగించలేదు. సెలవు చెప్పడానికి వచ్చిన రోజు కరస్పాండెంటు ఆఫీసు గదిలోంచి ముఖం ఎర్రగా చేసుకుని బయటికి వచ్చింది. లోపల అద్దాల బీరువాలో ఆ తెల్ల సీసాను నిలబెట్టారు. 'మా కళాశాలలో శుద్ధి చేసిన పపైన్' అని చీటీ అంటించారు. కింద ఆమె పేరు.

"సార్, ఉద్యోగం పోతే పోనీ. దాని మీద నా పేరుండకూడదు," అంది.

లోపలికి వెళ్లి అడిగాను. కరస్పాండెంటుకు నా కోపం అర్థమే కాలేదు.

"ఉండనీ సార్, ఆయమ్మకు గౌరవమే గదా."

"ఆమె వద్దంటోంది."

"మీరిద్దరూ యాల ఇంత రచ్చ సేస్తారప్పా, సీటీ ముక్కకి?"

బీరువా తలుపు తీశాను. గుమాస్తా లేచి నిలబడ్డాడు కానీ అడ్డం రాలేదు. బల్లమీది నీళ్లగ్లాసులో చేతిరుమాలు తడిపి చీటీని నానబెట్టాను. సగం ఊడింది, మిగతా సగాన్ని గోటితో గీకాను. కరస్పాండెంటు ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె పేరులో చివరి అక్షరం కూడా పోయేదాకా గీకి, సీసాను ఆయన బల్ల మీదే పెట్టి బయటికి వచ్చాను.