రెండు కిలోల అల్లం

ఈ ఉదయం జహీరాబాద్ మార్కెట్లో రెండు కిలోల అల్లం అడిగితే, కొట్టాయన తూకం వేయకుండా మా అబ్బాయికి ఫోన్ చేశాడు. "సారు రెండు కిలోలు అడుగుతున్నరన్నా. కండ్లల్ల నీళ్లు గూడ పెట్టుకున్నరు. ఇయ్యాల్నా, వద్దా?" నా ముందే! ఒళ్లు మండింది. అయినా కదల్లేదు. రేపు నా భార్య మాసికం. ఆమెకు ఇష్టమైన అల్లం పచ్చడి వచ్చినవాళ్లందరికీ వడ్డించాలి.

నిజానికి ఆ ఫోన్ ఏర్పాటు ఆమెదే. నాకు బైపోలార్ డిజార్డర్. ఉద్యోగంలో ఉండగా ఒకసారి జబ్బు ఎగదన్నినప్పుడు, గుంట భూమి లేనివాణ్ణి, కోహీర్ రైతు దగ్గర ట్రాక్టర్ నిండా విత్తనపు అల్లం కొని ఇంటి ముందు దింపించాను. నిద్ర లేదు, ఆకలి లేదు. అల్లం వేస్తే లోకమంతా బాగుపడుతుందని ఒకటే వాదన. ఆమె అరవలేదు. ముందు నన్ను దవాఖానకు తీసుకెళ్లింది, తిరిగొచ్చి గల్లీ అంతా అల్లం పంచింది. "ఏం పెండ్లి ఉన్నదక్కా?" అని పక్కింటావిడ అడిగితే, "మా సారు దిమాగ్ల అయింది పెండ్లి. జర నువ్వు గూడ పట్టుకపో" అంది. మందు మగతలో మంచం మీద నుంచి విని నవ్వాను. తర్వాత బజారంతా తిరిగి, నేనేదైనా ఎక్కువగా కొంటే తనకు ఫోన్ చేయమని చెప్పి వచ్చింది. ఫోన్ వస్తే నన్ను ఒకటే అడిగేది, రాత్రి నిద్ర పట్టిందా అని. గొంతు విని జబ్బో కాదో తేల్చేసేది.

ఆమె పోయాక ఆ కాపలా అబ్బాయికి వచ్చింది. వేళకు గోలీలు వేసుకుంటున్నాను, రక్తపరీక్షలు చేయించుకుంటున్నాను, నిద్ర, తిండి డైరీలో రాసుకుంటున్నాను. అయినా నేను నవ్వితే కోడలు అబ్బాయి ముఖం చూస్తుంది. ఏడిస్తే అబ్బాయి డాక్టర్‌కు ఫోన్ చేస్తాడు. భార్య పోయిన మనిషి ఏడవడానికి కూడా డాక్టర్ చీటీ కావాలా?

అబ్బాయి బండి మీద వచ్చాడు. "నాయినా, పొద్దుగాల గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న. రాత్రి మంచిగ నిద్రపోయిన. మీ అమ్మ యాదికొచ్చింది, ఏడ్చిన. గంతే."

"మరి రెండు కిలోలెందుకు?"

"రేపొచ్చేటోళ్లను లెక్కేసుకో. మీ మేనత్త ఒక్కతే పావుకిలో తింటది."

వాడికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. నా కళ్లలోకి కాసేపు చూశాడు. ఏమీ తేల్చుకోలేకపోయాడు. "కిలో ఇయ్యన్నా" అన్నాడు కొట్టాయనతో.

ఆ కిలో సంచి పట్టుకుని బండి వెనక కూర్చున్నాను. నా ముఖంలో ఏది దుఃఖమో, ఏది జబ్బో పోల్చుకోవడానికి ఆమెకు ఒక కాపురమంతా పట్టింది. వీడు నేర్చుకునేదాకా నాకు కాలం మిగిలి ఉందో లేదో.