కీమో రోజుల్లో పురుగు పట్టిన బియ్యం

ఆ రోజు మా కొట్టుకి పెడన నుంచి చీరల మూట వచ్చింది. విజయవాడ వన్ టౌన్‌లో మాది చిన్న చేనేత బట్టల కొట్టు. అమ్మకం మా వారు చూసుకుంటారు. వచ్చిన చీరల్లో తప్పులు పట్టడం నా పని. మడత విప్పి, వెలుగుకి పట్టి, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ అంచు వదులైందో చూసి పక్కన పెడతాను. ముప్పై ఏళ్ళుగా అదే పని కాబట్టి, తేడా ఉంటే కంటి కంటే ముందు నా వేళ్ళకి తెలుస్తుంది. ఒక చీరని భుజం మీద వేసి చూస్తుంటే మెడ పక్కన గోలీకాయంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. రబ్బరు ముక్కలా ఉంది.

అప్పటికే నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. ఎండల వల్ల అనుకున్నాను.

మొదట చూపించుకున్న డాక్టరు నా మెడ మీద చెయ్యి కూడా వేయలేదు. "పంటి ఇన్‌ఫెక్షన్ అయ్యుంటుందమ్మా. ఈ వయసులో ఆడవాళ్ళకి కంగారెక్కువ" అని యాంటీబయాటిక్స్ రాశాడు. కోర్సు పూర్తయినా గడ్డ తగ్గలేదు, పక్కన ఇంకొకటి లేచింది. ఆసుపత్రి మార్చాం. ముందు గడ్డలోకి సూది గుచ్చి చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ, అది సరిపోలేదని బయాప్సీ, ఆ తర్వాత పెట్ స్కాన్. రిపోర్టుల కౌంటర్లో అమ్మాయి నా పేరు రాజ్యలక్ష్మి అయితే రాజలక్ష్మి అని టైపు చేసింది. మార్చమంటే "ఏదైనా ఒకటేగా ఆంటీ" అంది. నాకొచ్చిన జబ్బు నా పేరు మీదైనా ఉండాలి కదా అని, దిద్దేదాకా అక్కడే నిలబడ్డాను.

జబ్బు లింఫోమా, లింఫు గ్రంథులకొచ్చే క్యాన్సర్. ఆంకాలజిస్ట్ మేడమ్ చిన్న వయసావిడ. రిపోర్టులన్నీ చదివాకే నోరు తెరిచారు. అందుకు ఆవిడ మీద నాకు మొదటి రోజే గౌరవం కలిగింది.

"ఇది మందులకి బాగా లొంగే రకమండీ. ఆరు సైకిల్స్ కీమో, ఇరవై ఒక్క రోజులకొకటి. వీలైనంతవరకు ఆలస్యం కాకుండా పూర్తి చేయాలి. దానికి మీరు బాగా తినాలి."

"ఎందుకొచ్చింది మేడమ్?"

"ఫలానా దానివల్ల అని చెప్పలేమండీ."

చెప్పలేమంటే నేను ఊరుకునే రకం కాదు. ఇంటికొచ్చి ఫోన్లో వెతికాను. పురుగు మందుల గురించి కనిపించినదల్లా చదివాను. కూరగాయల బండి వాళ్ళు, కిరాణా కొట్టు వాళ్ళు ఇన్నేళ్ళూ నాకు విషం అమ్మారని తేల్చుకున్నాను. వంటింట్లో ఉన్నదంతా బయట పెట్టించి, ఇకమీదట ఆర్గానిక్ తప్ప ముట్టనని మా వారితో చెప్పాను.

"ఊరంతా అదే తింటోంది కదా రాజ్యం" అన్నారాయన.

"ఊరి మెడలో గడ్డ లేదు. నా మెడలో ఉంది."



ఊళ్ళో ఒక ఏసీ షాపు ఉంది, అంతా ఆర్గానిక్ అని బోర్డు. బియ్యం ధర మామూలు దానికి రెండింతల పైనే. తోటకూర కట్టని పూలగుత్తిలా కవర్లో చుట్టి పెట్టారు. ఇంత రేటేమిటని అడిగితే, నలుగురి ముందు ఆ షాపాయన నా చీర వైపు ఒకసారి చూసి, "క్వాలిటీ కావాలనుకునేవాళ్ళు రేటు అడగరండీ. లేదంటే రైతు బజార్ ఉందిగా" అన్నాడు. నేను కట్టుకున్నది మా కొట్టులో అమ్మే నూలు చీర. ఆ రోషంతోనే బుట్ట నింపుకుని బయటికొచ్చాను.

నెలకి సరిపడే ఇంటి ఖర్చు పది రోజుల్లో అయిపోయింది. మా వారు తన వరకు మామూలు బియ్యం తెచ్చి చిన్న గిన్నెలో వేరే వండుకోవడం మొదలుపెట్టారు. నాకు కనబడకుండా ముందే తినేసేవారు. కనబడనట్టే నేనూ ఊరుకున్నాను. ఈ జబ్బులో నేను సిగ్గుపడేది ఏదైనా ఉంటే, అదే.

రెండో కీమో తర్వాత అదే షాపులో గోధుమ గడ్డి రసం తాగితే రక్తం పడుతుందని చెబితే, రోజూ ఒక గ్లాసు పచ్చిగా తాగాను. తొమ్మిదో రోజున విరేచనాలు, నూట రెండు జ్వరం. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. తెల్లకణాల కౌంట్ బాగా పడిపోయింది. ఫెబ్రైల్ న్యూట్రోపీనియా, అంటే ఆ కణాలు తగ్గినప్పుడు వచ్చే జ్వరం అని చెప్పి, ఐదు రోజులు ఐవీ యాంటీబయాటిక్స్ ఇచ్చారు.

"పచ్చివి ఏవీ వద్దని డైట్ షీట్లో రాసిచ్చాం కదండీ" అన్నారు మేడమ్.

"అది ఆర్గానిక్ మేడమ్."

"అయినా మట్టిలో పెరిగిందేగా. అది ఆర్గానిక్ అని క్రిములకి తెలీదు. కౌంట్ తగ్గిన రోజుల్లో పచ్చిదేదైనా మీకు ప్రమాదమే."

జ్వరం ఆ రసం వల్లే వచ్చిందని కచ్చితంగా అనలేను. కానీ ఆ షాపు మీద నమ్మకం ఆ రోజుతో పోయింది. బజారు మీద నమ్మకం ముందే పోయింది. ఇక తినడానికేం మిగల్లేదు. కొబ్బరి నీళ్ళు, పలచటి జావ తప్ప ఏది నోటి దగ్గర పెట్టుకున్నా దానిమీద ఎవరో మందు కొడుతున్నట్టే కనిపించేది. ఏడు కిలోలు తగ్గాను. మూడో సైకిల్‌కి వెళ్తే మేడమ్ రిపోర్టు చూసి పెన్ను కింద పెట్టేశారు.

"రక్తంలో ప్రొటీన్, ఆల్బుమిన్, ఇంత తక్కువగా ఉంటే కీమో ఇవ్వలేనండీ. పది రోజులు వాయిదా వేస్తున్నాను. ఉడికించింది ఏదైనా సరే, తినండి. మీరు తినకపోతే నా దగ్గర మందు ఉండీ లాభం లేదు."

ఆటోలో గుణదలలోని మా ఇంటికి వచ్చాం. మా సందు మొదట్లో దిగాక మా వారు, "నువ్వు తినే బియ్యం ఎక్కడ దొరుకుతాయో చెప్పు రాజ్యం. ఎంత దూరమైనా వెళ్ళి తెస్తాను" అన్నారు. ఆయన గొంతు అలా నేనెప్పుడూ వినలేదు.

ఆదివారం పొద్దున ఒక స్కూలు గ్రౌండ్‌లో సహజ సాగు చేసే రైతులు టార్పాలిన్లు కట్టుకుని అమ్ముతారని ఎవరో చెబితే, ఆయన వెళ్ళి ఐదు కిలోల బియ్యం తెచ్చారు. చల్లపల్లి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చే నాగమణి అనే ఆవిడ దగ్గర కొన్నారు. సంచి విప్పితే నల్లటి ముక్కు పురుగులు అంచుల మీద పాకుతున్నాయి.

మనిషిని ఒంట్లో శక్తి నిలబెడుతుందంటారు. నన్ను ఆ రోజు కోపం నిలబెట్టింది. తలకి స్కార్ఫ్, ముక్కుకి మాస్క్ పెట్టుకుని, సంచి మా వారితో మోయించుకుంటూ ఆటోలో ఆ గ్రౌండ్‌కి వెళ్ళాను.

"ఇదేనా మీ సహజ సాగు? చూడండి, అన్నీ పురుగులే" అని సంచి ఆవిడ ముందు పెట్టించాను.

నాగమణి గుప్పెడు తీసుకుని అరచేతిలో పరిచి చూసింది. "అవునండీ మామ్మగారూ, ఉన్నాయి. ఉండాల."

"నేను మామ్మని కాదు. నాకు యాభై మూడు." ఆవిడకి నలభై ఐదు తక్కువుండవు. ఈ మాట ఇప్పటికీ ఆవిడకి గుర్తుచేస్తూనే ఉంటాను.

"సరేనండీ అక్కగారూ. పురుగుక్కూడా పనికిరాని బియ్యం మీకేం పనికొచ్చిద్ది?"

పక్కన గుమ్మడికాయలు అమ్మే ఆయన నవ్వాడు. ఆయన మొహం కూడా నాకు గుర్తుంది.

"పురుగులున్న బియ్యం నేనెప్పుడూ తినలేదు" అన్నాను.

"మరి మీ ఇంట్లో డబ్బాకి పురుగు పట్టకుండా ఏం కలుపుతారండీ?"

నేను నోరు తెరిచేలోపే మా వారు చెప్పేశారు. "బోరిక్ పౌడర్ అండీ. ఆముదంతో కలిపి పట్టిస్తుంది."

"దేనికండీ?"

"పురుగులు చావడానికి" అన్నాను నేనే.

నాగమణి ఇంకేం అనలేదు. అని ఉంటే బాగుండేది, ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని. మా అమ్మ చేసింది, నేనూ చేశాను. ఏసీ షాపు నుంచి రెండింతల ధర పెట్టి తెచ్చిన బియ్యానికి కూడా అలవాటు కొద్దీ నా చేత్తోనే పట్టించి డబ్బాలో పోశాను. ఎవరెవరు విషం పెట్టారో చెప్పమంటే అందరి పేర్లూ చెప్పగలను. ఆ జాబితాలో అప్పటిదాకా నా పేరు లేదు.

"డబ్బులు వెనక్కిచ్చేస్తానండీ, సంచి ఇక్కడ పెట్టెళ్ళండి" అంది నాగమణి, ఈసారి మెల్లగా. "లేదంటే చేటలో పోసి నీడపట్టున ఆరబెట్టండి, వాటి దారిన అవే పోతాయి. డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు, కాస్త ఎండిన వేపాకు వేస్తే చాలు. ఇదిగో, ఈ తోటకూర కూడా పట్టుకెళ్ళండి, ఉడకబెట్టుకు తినండి. ఆకులకి చిల్లులున్నాయి, మళ్ళీ వచ్చి తిట్టమాకండి."

నా స్కార్ఫ్ వైపు ఆవిడ చూసింది. ఏం జబ్బని మాత్రం అడగలేదు. అందుకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఇంటికొచ్చి బియ్యం చేటలో పోసుకుని చీరని చూసినట్టే చూశాను. కొట్టులో ఎవరైనా చీర వెనక్కి తెచ్చి ఇక్కడ పోగు లావుగా ఉందంటే, "మర మీద నేసిందైతే అన్నీ ఒకేలా ఉంటాయండీ, ఇది చేత్తో నేసింది" అని చెప్పేది నేనే. ఆ మాట చెప్పి ఎంతమందిని ఒప్పించానో లెక్కలేదు. ఆ పూట ఆ మాటతో నన్ను నేనే ఒప్పించుకోవాల్సి వచ్చింది.

నాగమణి బియ్యం ధర మామూలు బియ్యం కంటే కాస్త ఎక్కువ, అంతే. మధ్యలో ఏసీ లేదు, కవర్లు లేవు. ఆ మధ్యాహ్నం తోటకూర పప్పు, అన్నం వండాను. చాలా రోజుల తర్వాత ఇద్దరికీ ఒకే గిన్నెలో వండాను. మా వారు తన చిన్న గిన్నె తీసుకోబోతుంటే చేతిలోంచి లాక్కుని అటక మీద పెట్టేశాను. ఆయన తలవంచుకుని తిన్నారు. నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

పది రోజులకి కిలోన్నర పెరిగాను. బోరిక్ పౌడర్ సంగతి భయపడుతూ మేడమ్‌కి చెప్పాను. "ఇకమీదట కలపకండి. కానీ జబ్బు దానివల్ల వచ్చిందని మొదలుపెట్టకండి. తప్పు పట్టడానికి మీకు ఎవరో ఒకరు దొరకాలి, ఈసారి మీరే దొరికారా?" అని నవ్వి, మూడో సైకిల్ రాశారు. ఇలా నన్ను ఎవరైనా అంటే ఊరుకోను. ఆవిడ అంటే ఊరుకున్నాను. ఆరు సైకిల్సూ పూర్తయ్యాయి. చివరి పెట్ స్కాన్‌లో ఏమీ లేదు, రెమిషన్ అన్నారు.

జుట్టు వచ్చాక నాగమణి పొలం చూడటానికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే తప్పు పట్టడానికే వెళ్ళాను. పక్క చేలో ఒకతను వీపు మీద డబ్బాతో మందు కొడుతున్నాడు.

"అది మీ చేలో పడదా?" అని అడిగాను.

"గాలిని బట్టి గట్టు పక్కన కొంత పడిద్దండీ. పడదని చెప్తే అబద్ధం. ఆ నాలుగు సాళ్ళూ వేరే కోసి మిల్లుకి వేస్తాను, మీకియ్యను."

ఇంత సూటిగా నాకు ఏ కొట్టువాళ్ళూ జవాబు చెప్పలేదు. అప్పటి నుంచి మా సందులో మూడు కుటుంబాల వాళ్ళం కలిసి కోతలయ్యాక బస్తాల లెక్కన తెప్పించుకుంటున్నాం. కూరగాయలు మాత్రం రైతు బజార్లోనే కొని, ధారగా నీళ్ళు వదిలి కడిగి, ఉడికించి తింటున్నాను. అన్నీ ఆర్గానిక్ కొనే స్తోమత మాకు లేదు. లేదని చెప్పుకోవడానికి ఇప్పుడు రోషం రావడం లేదు.

ఇప్పుడు మూడు నెలలకోసారి చెకప్. మళ్ళీ కొట్టులో చీరలు విప్పి చూస్తున్నాను. మొదటి డాక్టరు, కౌంటర్ అమ్మాయి, షాపాయన, వీళ్ళ పేర్లు ఇక్కడ రాయలేదు. మర్చిపోయి మాత్రం కాదు. ఆ పేర్ల కంటే నాకు ఇవ్వాళ తలుచుకోవాల్సినవి ఎక్కువున్నాయి.

చికిత్సలో ఉన్నవాళ్ళకి ఒక్కటే చెబుతాను. మంచి తిండి కోసం వెతుకుతూ తినడం మానకండి. మీ ఇంట్లో రోజూ ఎక్కువగా తినేదేదో ఆ ఒక్కటి, పండించిన మనిషిని చూసి, అడిగి కొనుక్కోండి. మిగతావి దొరికినవి కడిగి, వండి, డాక్టరు చెప్పినట్టు తినండి.

పోయిన వారం కొత్త బస్తా వచ్చింది. చేటలో పోసి వెతికితే ఒక్క పురుగూ లేదు. వెంటనే నాగమణికి ఫోన్ చేశాను.

"ఏమ్మా, ఈసారి పురుగుల్లేవేంటి? ఏం కలిపావు?"

అవతల కాసేపు నవ్వు వినిపించింది. "కొత్త బియ్యమండీ మామ్మగారూ. ఒక్క నెల ఓపిక పట్టండి, అవే వస్తాయి."

డబ్బాలో ఎండుమిరపకాయలు వేశాను. నెల ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను.