కొయ్యకుండా వదిలిన ఎనిమిది సాళ్ళు

మా మల్బరీ తోట రెండొందల గుడ్ల పురుగులకు సరిపోతుంది. పట్టుపురుగుల్ని మేం గుడ్ల లెక్కనే తెచ్చుకుంటాం; మా లెక్కలో గుడ్డంటే ఒక చిలక ఒక్కసారికి పెట్టే నాలుగైదు వందల గుడ్లు. నా తోట తాహతు నా చొక్కా సైజు తెలిసినంత బాగా తెలుసు నాకు. అయినా ఆ వేసవిలో హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ళ ధర లేచిందని విని మూడొందలు తెచ్చాను. ఒక్క పంటతో కొత్త షెడ్డు, కొత్త బండి, ఇంటిదానికి ధర్మవరం చీర, అన్నీ మనసులోనే కొనేశాను. దురాశ దుఃఖానికి చేటని బళ్ళో వందసార్లు రాసినవాణ్ణే. రాసింది చేతితో గదా.

మా పక్క తోట ఒక అవ్వది. భర్త పోయాక ఎకరా ఒంటిగా చేసుకుంటుంది. ధర లేచినా పడినా ఆమె తెచ్చేది నూరు గుడ్లే. పైగా ఆ ఏడు తోట చివర ఎనిమిది సాళ్ళు కొయ్యకుండా వదిలేసింది. ఇంత ధర ఉన్నప్పుడు ఇదేం చాదస్తమని నవ్వాను. నేనైతే అంతకు ముందేడు ఆకు మిగిలితే, ట్రాక్టరు తోలుకుని వచ్చి ఎక్కువ ధర చెప్పిన పొరుగూరాయనకు మొత్తం అమ్మేశాను. తెలివంటే అదే అనుకున్నాను.

పురుగు నాలుగుసార్లు తిండి మాని పడుకుని కుబుసం విడుస్తుంది. మేం దాన్ని జ్వరం అంటాం. నాలుగో జ్వరం నుంచి లేచిందంటే, గూడు కట్టే దాకా వారం రోజులు రాత్రీ పగలూ తింటూనే ఉంటుంది. ఐదోనాటికి నా తోటలో మోళ్ళు తప్ప మిగల్లేదు. బండేసుకుని పెనుకొండ దాకా తిరిగాను. అందరూ నాలాగే ఎగబడి తెచ్చుకున్నారు, అమ్మడానికి ఎవరి దగ్గరా ఆకు లేదు. ఒకచోట ఉంది గానీ పక్కనే టమోటాకు మందు కొట్టారు. ఆ ఆకు పెడితే షెడ్డంతా ఒక్క పూటలో చస్తుంది. ఆ పంట పోతే ఆ ఏడు మాకు తిండికీ కష్టమే.

చివరికి అవ్వ దగ్గరికే పోయాను. ట్రాక్టరాయన ఇచ్చినదానికి రెట్టింపు ఇస్తానన్నాను. ఆమె ధర మాట ఎత్తలేదు, ముందు పురుగుల్ని చూపించమంది. షెడ్డులో అర అరా తిరిగి చూసింది. తన ఆకు అన్నిటికీ చాలదని, మూడో వంతు పురుగుల్ని తీసేస్తేనే మిగతావి గట్టెక్కుతాయని చెప్పింది. అంటే నేను ఆశపడి తెచ్చిన నూరు గుడ్లవీ. తలా కాస్త సర్దుతానని బతిమాలాను.

"అన్నిటికీ అరకడుపు పెడితే అన్నీ పల్చటి గూళ్ళే కడతాయప్పా. ఎవురికీ పనికి రావు."

గంప తీసుకుని ముందు తనే కూర్చుని, చిన్నగా వెనకబడినవాటిని ఏరసాగింది. నేను చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాను. ఇన్ని రోజులు పసిబిడ్డల్లా సాకినవి అవి.

"చేతులు రావడం లేదవ్వా."

"రావు. నిరుడు బోరెండినప్పుడు నాకూ రాలేదు. ఎరువు గుంత కాడికి మూడుసార్లు పోయి, పారబొయ్యలేక గంప తిరిగి తెచ్చినా."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ నిరుడే ఆకు కావాలని ఆమె ఖాళీ సంచి పట్టుకుని నా తోట గట్టు మీద నిలబడింది. నేను కోత కూడా ఆపకుండా ట్రాక్టరాయన ధర చెప్పాను. సంచి మడుచుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎదురుపడినా ఒక్క మాటనలేదు. సిగ్గుతో నా తల లేవలేదు. తల దించుకునే, ఆ ఎనిమిది సాళ్ళు ఎందుకు వదిలావని అడిగాను.

"ఎవురి పురుగుకు ఆకలైనా, ఈడ ఇంత ఆకు ఉండాది అని తెలియల్ల గదప్పా," అంది.

మిగిలిన పురుగులన్నీ గట్టి గూళ్ళు కట్టాయి. మార్కెట్ నుంచి రాగానే ఆకు డబ్బులు తీసుకుపోతే, మామూలు ధరకు సరిపడా తీసుకుని మిగతాది నా జేబులో కుక్కింది. ఆస్తిపరుల్ని చాలామందిని చూశాను. ఉన్నదే చాలనుకునే మనిషిని మాత్రం ఆమెనే చూశాను. ఆమె పక్కన సేద్యం చేస్తున్నానని చెప్పుకోవడం నాకు గొప్పే.

ఆ బోరెండిన ఏడు ఆమె ఎన్ని గంపలు పారబోసిందో మాత్రం ఇప్పటికీ అడగలేదు.