శనిని గెంటేసిన సంఖ్య

నా చిన్నప్పుడు, రాజోలు దగ్గర మా ఊళ్ళో, నేను ఎనిమిదో తారీఖున పుట్టానన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు. దాన్ని పట్టుకున్నవాడు నాన్నగారి పరిచయస్తుడొకాయన. సిల్కు లాల్చీ, నోటినిండా కిళ్ళీ. ఏ ఇంట్లో భోజనం బాగుంటే ఆ ఇంటి జాతకం బాగుందనే రకం. అంకెల శాస్త్రమంతా తనకి తెలుసని చెప్పుకునేవాడు. తెలిసిందల్లా ఒకే ఒక్క సంఖ్య.

నాకు ఏడో తరగతి అయిపోయింది. ఏటికి అవతల అమలాపురం హాస్టల్లో ఉంచి చదివించాలని నాన్నగారి ఆలోచన. ఓ ఆదివారం భోజనానికొచ్చిన కిళ్ళీ ఆయన, ఆ మాట చెవిన పడగానే మా అరుగుమీద కూర్చుని పలక తెప్పించి 12345679 అని రాశాడు. ఇష్టమైన అంకె చెప్పమంటే అమ్మ మూడు అంది. అయితే ఇరవై ఏడుతో హెచ్చవేయమన్నాడు. నాన్నగారు హెచ్చవేస్తే వరసగా తొమ్మిది మూళ్ళు వచ్చాయి. అమ్మ దణ్ణం పెట్టినంత పని చేసింది.

"చూసేరా, నే రాసిన సంఖ్యలో ఎనిమిది లేదండీ. ఎనిమిది శనిది. దాన్ని గెంటేసింది గనకే దీనికింత మహిమ. ఎనిమిదో తారీఖు పిల్లని ఏరు దాటించకండి, ఇంట్లోనే ఉంచండి."

నాన్నగారు నావైపు చూడకుండా పలకకేసే చూస్తూ కూర్చున్నారు.

మా స్కూల్లో లెక్కలు చెప్పే పక్కింటి అక్క, చర్చి నుంచి వస్తూ మా అరుగు దగ్గర ఆగి ఇదంతా వింది. ఆయన్ని పలకరించనైనా లేదు. నన్ను పిలిచింది.

"తొమ్మిది ఒకట్లు వరసగా రాసి, తొమ్మిదితో భాగించవే."

సుద్దముక్కతో అరుగుమీదే మొదలుపెట్టాను. పదకొండులో ఒకసారి పోయి రెండు మిగిలింది. ఇరవై ఒకటిలో రెండుసార్లు పోయి మూడు మిగిలింది. అలా ఒక్కొక్కటే పెరుగుతూ ఏడు వేసేసరికి ఎనిమిది మిగిలింది. పక్కన ఒకటి దించితే ఎనభై ఒకటి. అందులో తొమ్మిది సరిగ్గా తొమ్మిదిసార్లు పోతుంది. ఎనిమిది వేసే అవసరమే రాలేదు. పైన చూస్తే ఆయనగారి మహిమగల సంఖ్య! తొమ్మిదితో హెచ్చవేస్తే మళ్ళీ ఒకట్లే. ఇరవై ఏడంటే మూడు తొమ్మిదులు గనక మూళ్ళు.

"ఇందులో శని ఎక్కడున్నాడండీ?" అంది అక్క.

ఆయన అరుగు దిగి కిళ్ళీ ఉమ్మొచ్చి, "ఆడపిల్లలకి లెక్కలెందుకండీ?" అన్నాడు నాన్నగారితో.

"ఆయ్, ఎందుకో ఇప్పుడే చూసేం కదండీ," అన్నారు నాన్నగారు.

సిగ్గుపడ్డాడనుకుంటారేమో. అంత మర్యాద అతనికెక్కడిది? పులుసు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. సాయంత్రం అవతలి వీధిలో మరో ఇంట పలక అడిగాడట. బడులు తెరిచేనాటికి నేను ఏరు దాటాను.

తరవాత అలాంటివాళ్ళు చాలామందే తగిలారు. నాకు వాళ్ళమీద కోపం కూడా రాదు, అంత విలువ ఇవ్వలేను. మహిమ పేరు చెప్పి ఎవరైనా బెదిరించబోతే, అదెలా వచ్చిందో నా ఎదురుగా చేసి చూపించమంటాను. ఇన్నేళ్ళలో కూర్చుని చేసినవాడు ఒక్కడూ లేడు.