కోలారులో ఉన్న మనిషి

ఇంట్లో ఆయా ఉండాలని మా అత్తగారికి ఏ కోశానా లేదు. కావలసింది నాకు. పాప పుట్టినప్పుడు ఇచ్చిన సెలవు అయిపోవస్తోంది. ఇంకా పొడిగిస్తే నా చోట్లో వేరే ఆమెను వేసుకుంటామని మా హెడ్మిస్ట్రెస్ మర్యాదగానే చెప్పింది. వేలూరు ఆడపిల్లల బడిలో ఆ ఉద్యోగం నేను పెళ్ళికి ముందు సంపాదించుకున్నది. అది పోతే ఇంకొకటి దొరకదని నాకు బాగా తెలుసు. అత్తగారికా మోకాళ్ళ నొప్పులు, పాకే పిల్ల వెనక తిరగలేదు. అందుకని సరేనంది, కానీ ఒక షరతు పెట్టింది. వచ్చే మనిషికి తెలుగు రావాలి.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వేరుపడి ఎంతో కాలం కాలేదు. కాట్పాడి స్టేషన్లో బెంచీ మీద ఇద్దరు కూర్చుంటే చాలు, రైలు వచ్చేలోపు ఏ ఊరు ఎవరిదో పంచిపెట్టేసేవాళ్ళు. మా ఊరు మాత్రం అరవదేశంలోనే ఉండిపోయింది. "ఊరు యాడుంటే నాకేమి? నా మనవరాలు నన్ను అవ్వా అనే పిలవాల. పాటీ అంటే నేను పలకను" అని అత్తగారి పంతం. ఆ పంతం గురించి కూరగాయలామెకు అరవంలోనే చెప్పుకునేది. మా అత్తగారు లెక్కపెట్టేది అరవంలో, తిట్టేది అరవంలో, దేవుడికి మొక్కుకునేది మాత్రం తెలుగులో.

తిరువలం నుంచి ఒకామె వచ్చింది. నెమ్మదస్తురాలే, కానీ తెలుగు ముక్క రాదు. అత్తగారు వద్దని అరవంలోనే "వేండాం" అనేసింది. తర్వాత వచ్చినామె తెలుగు గడగడా మాట్లాడింది గానీ ముక్కుపొడి పీల్చి పాప మొహం మీదే తుమ్మింది. దాంతో ఆమె కూడా పోయింది. సెలవు కరిగిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు కావలసింది ఆయానా, ఆస్థాన పండితురాలా?" అని అనేశాను.

చివరికి మా పాలామె ఒక దారి చూపించింది. గుడియాత్తంలో వాళ్ళ చుట్టాల వీధిలో ఒక మనిషి ఉందట, ఎంత ఏడ్చే బిడ్డ అయినా ఆమె చంకనెక్కితే ఊరుకుంటుందట. వస్తున్నామని పాలామెతో కబురు పెట్టి, నేనూ మా ఆయనా పాపను ఎత్తుకుని కాట్పాడిలో రైలెక్కాం. గుడియాత్తంలో దిగి జట్కా మాట్లాడుకుని ఊళ్ళోకి పోయాం. మగ్గాల వీధి అది, ఏ ఇంట్లో చూసినా లుంగీలు నేస్తున్నారు. ఆమె అరుగు మీద కూర్చుని రాట్నంతో కండెలు చుడుతోంది. పాతికేళ్ళు దాటి ఉంటాయేమో. నుదుట ఎర్రటి బొట్టు, మెడలో పసుపుతాడు. అది వాళ్ళ అన్న ఇల్లు.

"మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అని మా ఆయన అడిగారు.

"కోలారు గనిలో పని చేస్తాండాడు సామీ. సెలవు దొరికినప్పుడు వస్తాడు."

లోపల మగ్గం చప్పుడు ఆగిపోయి మళ్ళీ మొదలైంది. వాకిట్లో ఉన్న వదిన గిరుక్కున లోపలికి వెళ్ళిపోయింది. ఆ అన్న బయటికి వచ్చి, "తీసకపోండమ్మా, మీకు పుణ్యముంటాది. ఇది పని దొంగ కాదు" అన్నాడు. ఆ పిల్ల ఆ ఇంట్లో బరువుగా ఉందని మాత్రం నాకు అర్థమైంది. అప్పటికే పాప ఆమె పసుపుతాడు పట్టుకుని ఆడుకుంటోంది.

నేను బడికి పోయేలోపు అలవాటు కావాలని ముందుగానే తీసుకొచ్చాం. వచ్చిన పూటే నా పాత చీర ఒకటి అడిగి దూలానికి ఉయ్యాల కట్టింది. ఖాళీ ఉయ్యాల ఎవరైనా ఊపితే ఊరుకునేది కాదు. అత్తగారు ఆమెను నిలబెట్టి ఊరూ పేరూ మొగుడూ అన్నీ మళ్ళీ అడిగింది. ఆయా మళ్ళీ కోలారే చెప్పింది. నాలుగు రోజులు గడిచేసరికి ఇద్దరూ ఒకే చాట ముందు కూర్చుని, సగం అరవం సగం తెలుగులో ఊరి కబుర్లన్నీ చెరిగేస్తున్నారు. ఇక నా ఉద్యోగానికి ఢోకా లేదనుకున్నాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మామగారు పోయినప్పటి నుంచి అత్తగారు ఎవరికీ బొట్టు పెట్టేది కాదు. పాపకు నలుగు పెడుతుంది, నీళ్ళు పోస్తుంది, సాంబ్రాణి పొగ వేస్తుంది. అంతా అయ్యాక నల్లటి చాదు బొట్టు ఉన్న కొబ్బరిచిప్ప నా వైపు జరుపుతుంది. "మా అట్లాటోళ్ళ చెయ్యి బిడ్డ నుదుటికి వద్దులే" అనేది. ఎంత చెప్పినా వినేది కాదు. ఆయా కూడా పాపకు అన్నీ చేసి చిప్ప తెచ్చి, "మీరు పెట్టండమ్మా" అనేది. కన్నతల్లికి ఇచ్చే మర్యాద అనుకుని మురిసిపోయాను.

ఒక ఉదయం నా చేతికి పిండి ఉంది. "నువ్వే పెట్టేయవే" అన్నాను. ఆమె చిప్ప పట్టుకుని నిలబడింది. వేలు చాదు దాకా పోయి వెనక్కి వచ్చింది. చిప్ప గూట్లో పెట్టేసి పాపను ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు అదంతా చూసింది.

మధ్యాహ్నం వంటింట్లో నా పక్కకు వచ్చి, "ఆ పిల్లకు మొగుడు లేడు" అంది.

"మీకెట్లా తెలుసు?"

"నాకు తెలీక ఇంకెవరికి తెలుస్తాదే? ఇన్నాళ్ళూ నేను చేస్తాండేది అదే గదా."

తెల్లారితే బడి. ఈవిడ ఆ పిల్లను పంపేస్తే నా ఉద్యోగం పోతుంది, ఆ పిల్ల మళ్ళీ ఆ వదిన గడపలో పడుతుంది. నేను నోరు తెరిచేలోపే అత్తగారు పెరటి వైపు కేకేసింది.

"ఏమ్మా, నీ మొగుడు కోలారు పోయి ఎన్నాళ్ళాయె?"

ఆ గొంతు వినగానే ఆయాకు సంగతి అర్థమైపోయింది. లోపలికి వచ్చి పాపను జాగ్రత్తగా చాప మీద దించింది. "కోలార్లో లేడు పెద్దమ్మా. జరమొచ్చి పోయినాడు. ముందు పోయిన ఇండ్లలో నిజమే చెప్పినా. బిడ్డ ఉండే ఇల్లని గడప దాటనీలే. అందుకే ఈడ అబద్ధమాడినా" అంది.

"మరి నువ్వు బొట్టు పెట్టుకోని తిరగతాండావే. బిడ్డకు పెట్టేదానికేమి?"

"నా మొకాన ఏమైనా పెట్టుకుంటా. బిడ్డ మొకాన పెట్టేదానికి చెయ్యి రాలే. దానికేమన్నా అయితే?" అంది. ఆ మాటతో ఏడుపు వచ్చేసింది. లేచి మూలన ఉన్న తన చీరలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది. నాకూ ఏడుపొచ్చింది.

అత్తగారు ఆ చీరల వైపు చూసి, "అవి యాడికి సర్దుతాండావు? బిడ్డ పాలకు ఏడస్తా ఉండాది, కనపడలేదా?" అని అరవంలో నాలుగు తిట్టింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఉంచినట్టో పంపినట్టో తెలియక ఆ రోజంతా నేను ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉన్నాను.

మర్నాడు చీర కట్టుకుని బయల్దేరుతూ అలవాటుగా బొట్టుచిప్ప కోసం చెయ్యి చాచాను. అత్తగారు ఇవ్వలేదు. "నీకు పొద్దుపోతాండాది, నువ్వు పో. మేం చూసుకుంటాంలే" అంది.

ఆ రోజు బడిలో పిల్లలకు ఏం చెప్పానో నాకే తెలియదు. సాయంత్రం వచ్చేసరికి అరుగు మీద ముగ్గురూ ఉన్నారు. పక్కింటామె వచ్చి కూర్చుని ఆయాను అడుగుతోంది, "ఏమ్మా, నీ మొగుడు కోలార్లో ఉండాడంట గదా, ఎప్పుడొస్తాడు?"

ఆయా ముఖం పాలిపోయింది. అత్తగారు తల కూడా ఎత్తలేదు. "గనిలో పనంటే సెలవు దొరకద్దా? దొరికినప్పుడు వస్తాడు. మాకు మొన్నే కబురు పంపినాడు" అంది.

పాప నన్ను చూసి చేతులు చాచింది. నుదుటి మీద చాదు బొట్టు ఇంత పెద్దది, ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు. పాపను అందుకుంటుంటే చూశాను, అత్తగారి వేలి కొసకు నల్లగా చాదు అంటుకుని ఉంది. ఆయా వేలికీ ఉంది.